కోఠీ రెసిడెన్సీ: దత్తమండలాల వైపు నుంచి ఒక చూపు

హైదరాబాదు కోఠీలో మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో వున్న పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం గురించి గత రెండు దశాబ్దాలలో చాలా రాత వచ్చింది. 2002లో విలియం డాల్రింపుల్ 'వైట్ మొఘల్స్' ప్రచురించిన తర్వాత ఆ భవనం ఒక ప్రేమకథకు చిరునామాగా స్థిరపడిపోయింది. కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, హైదరాబాదు ప్రభువర్గానికి చెందిన ఖైరున్నీసా బేగం - వీరి వివాహం, వియోగం, ఇంగ్లండు చేరిన పిల్లలు. పత్రికల ఆదివారం అనుబంధాలు ఈ కథను పదే పదే చెప్పాయి. చదివినవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ భవనం దగ్గరికి పోవడానికి ఇంకొక దారి వుంది. అది మార్కాపురం, గిద్దలూరు, కంభం మీదుగా పోతుంది. ఆ భవనం కట్టించిన చేతితోనే మా ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దఖలు పరిచిన ఒప్పందం మీద సంతకం పడింది. ఈ సంగతి మా విద్యార్థులకు తెలియదు సరే, చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయులలో కూడా ఎందరికి తెలుసునన్నది సందేహమే.

ఆ ఒప్పందం తేదీ 1800 అక్టోబరు 12. దాని పూర్వరంగం కొంత చెప్పుకోవాలి. 1798 సెప్టెంబరులో కిర్క్‌పాట్రిక్ నిజాం అలీఖాన్‌తో ఒక ఒప్పందం చేయించాడు. దాని ప్రకారం కంపెనీ సిపాయీల ఆరు పటాలాలు హైదరాబాదు రాజ్యంలో నిలబడాలి. అందుకుగాను నిజాం ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి. నిజాం కొలువులో అంతవరకూ వున్న ఫ్రెంచి సేనను రద్దు చేయాలి. ఫ్రెంచి సేనాని రేమండ్ ఆ సంవత్సరం మార్చిలోనే చనిపోయాడు. అక్టోబరు 22న అతని వారసుడు పిరాన్ కింద వున్న సుమారు 14,000 మంది సైనికుల చేత ఆయుధాలు పెట్టించేశారు. ఇది కిర్క్‌పాట్రిక్ సాధించిన మొదటి విజయం. మరుసటి సంవత్సరం శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు సుల్తాను నేలకొరిగాడు. ఇక దక్కనులో కంపెనీకి ఎదురు చెప్పగలిగినవాళ్లు మరాఠాలే.

సైన్య సహకారం అనే ఈ పద్ధతిలోని కిటుకు జాగ్రత్తగా చూడాలి. ఒక రాజు తన రక్షణకోసం కంపెనీ సైన్యాన్ని పిలుచుకుంటాడు. ఆ సైన్యం కంపెనీ మాట వింటుంది, జీతం మాత్రం రాజు ఇస్తాడు. ఏదో ఒక సంవత్సరం వానలు పడవు, శిస్తు రాదు, బాకీ నిలుస్తుంది. అప్పుడు కంపెనీ మర్యాదగా ఒక సలహా చెబుతుంది: ఏటేటా ఈ డబ్బు గొడవ మీకెందుకు, దానికి సరిపడా భూమి మాకు వదిలేయండి, శిస్తు మేమే వసూలు చేసుకుంటాం. మా వైపు వడ్డీ వ్యాపారి చిన్న రైతుకు చెప్పే మాట ఇదే. తేడా అల్లా అక్కడ రెండెకరాల చెలక, ఇక్కడ జిల్లాలు. 1800 ఒప్పందంతో కంపెనీ సైన్యం ఎనిమిది పటాలాలకు, రెండు అశ్విక దళాలకు పెరిగింది. దాని ఖర్చు కింద నిజాం 1792లోనూ 1799లోనూ టిప్పు రాజ్యం నుంచి తన వాటాగా పొందిన భూములన్నీ శాశ్వతంగా కంపెనీకి వదులుకున్నాడు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, వాటితోపాటు కంభం. దర్బారు తరఫున వ్యవహారం నడిపినవాడు దివాను అరస్తూ జా, కంపెనీ తరఫున కిర్క్‌పాట్రిక్. మా ఊళ్ల పేర్లు ఆ గదిలో ఎవరైనా పలికివుంటే శిస్తు అంకెల పక్కనే పలికివుంటారు.

అంతకు ముందు ఇరవై ఏళ్లలో ఈ నేల ఎన్ని చేతులు మారిందో చూడండి. కడప నవాబుల నుంచి హైదరాలీకి, టిప్పుకు, 1792లో నిజాముకు, ఎనిమిదేళ్లకు కంపెనీకి. కర్నూలు నవాబు రాజ్యం మాత్రం విడిగా 1839 దాకా నిలిచింది. కంపెనీ పాలనలో మా ప్రాంతం మొదట కడప జిల్లాలో వుండి, 1858లో కొత్తగా ఏర్పడిన కర్నూలు జిల్లాలోకి పోయింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేర్చారు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. పని పడి ఒంగోలు బస్సెక్కే మా వాడిని అడిగితే తాను కోస్తావాడో సీమవాడో వెంటనే చెప్పలేడు. ఈ అయోమయం వెనుక 1800 నాటి సంతకం వుంది.

భాషా విద్యార్థిగా నన్ను బాగా ఇబ్బంది పెట్టే మాట 'దత్తమండలాలు'. ఇంగ్లీషువాడు తన మాటలో 'వదులుకున్న జిల్లాలు' అన్నాడు. అందులో కనీసం ఒకరు వదులుకున్నారు, ఒకరు చేజిక్కించుకున్నారు అన్న వాసన వుంది. తెలుగు చేసినవారు దానికి సంస్కృతపు పట్టుబట్ట కట్టి 'దత్త' అన్నారు. దత్తం అంటే ఇయ్యబడినది. దత్తపుత్రుడు, ధారాదత్తం వంటి మాటల పక్కన నిలబడి అది ఒక పుణ్యకార్యంలాగా వినిపిస్తుంది. బలవంతపు లావాదేవీ దానంగా మారింది. ఈ మాటకు నూట ఇరవై ఎనిమిదేళ్లపాటు ఎవరూ గట్టిగా ఎదురు చెప్పలేదు. 1928 నవంబరులో నంద్యాల ఆంధ్ర మహాసభ సందర్భంగా జరిగిన సమావేశంలో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అన్న పేరు ప్రతిపాదించారు, అది నిలిచింది. ఆత్మగౌరవం దృష్ట్యా అది మంచి పనే. కాని పాత పేరుతోపాటు పాత లావాదేవీ కూడా జ్ఞాపకం నుంచి జారిపోయింది. ఇచ్చినవాడెవరు, పుచ్చుకున్నవాడెవరు, మధ్యవర్తి ఎవరు అనే ప్రశ్న అడగకుండానే మనం రాయలవారి వైభవంలోకి వెళ్లిపోయాం. మాకు ఆ వైభవం కూడా పూర్తిగా దక్కలేదు. 1970తో ఆ పేరు నుంచీ బయటపడ్డాం.

ఇక భవనం సంగతి. కిర్క్‌పాట్రిక్‌కు నిజాం దర్బారులో 'హష్మత్ జంగ్' బిరుదు వుంది. పర్షియన్ తెలుసు, ముసల్మాను ప్రభువుల వేషం వేసేవాడు, హుక్కా తాగేవాడు. అంతవరకు మూసీ ఉత్తరపు ఒడ్డున ఒక తోటలో, పాత భవనాలలో రెసిడెన్సీ నడిచేది. అక్కడ కొత్త భవనానికి స్థలం కావాలని అతడు అడిగిన తీరుమీద ఒక కథ వుంది. జాన్ మాల్కం చెప్పిన కథ అది. రెసిడెంటు కావలసిన స్థలం నక్షాను పెద్ద కాగితం మీద గీయించి నిజాముకు చూపించాడట. నిజాం ససేమిరా అన్నాడు. బయటికి వచ్చాక మీర్ ఆలం నవ్వుతూ, మీరు చూపిన నక్షా ఆయన తన రాజ్యానిదంతా చూసిన పటమంత పెద్దదిగా వుంది, బెదిరిపోడా అన్నాడట. రెసిడెంటు అదే నక్షాను చిన్న అట్టముక్క మీద గీయించి తెస్తే నిజాం సంతోషంగా ఒప్పుకున్నాడట.

ఇంగ్లీషువాళ్లు ఈ కథను నిజాం అమాయకత్వానికి దృష్టాంతంగా చెప్పుకుని నవ్వారు. నాకు ఇందులో వేరే అర్థం కనిపిస్తుంది. నిజంగా జిల్లాలకు జిల్లాలు పోగొట్టుకున్న దర్బారు అది. కాగితం మీద కొలతలు గీసినవాడిదే భూమి అని ఆ దర్బారుకు అప్పటికే అనుభవంలోకి వచ్చింది. పెద్ద కాగితం చూసి భయపడినవాడు అమాయకుడు ఎలా అవుతాడు?

నిర్మాణం 1803లో మొదలైంది. నమూనా గీసి కట్టించినవాడు మద్రాసు ఇంజనీరు దళానికి చెందిన లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెల్. ఉత్తర ముఖాన కొరింథియన్ పద్ధతి స్తంభాలు ఆరు, ఒక్కొక్కటి సుమారు నలభై అడుగుల ఎత్తు. వాటిపైన త్రికోణపు నుదురు మీద కంపెనీ వారి రాజచిహ్నం. కింద విశాలమైన మెట్ల వరుస, దానికి రెండు పక్కలా రెండు రాతి సింహాలు. లోపల చిత్రాలు వేసిన పైకప్పుతో, నిలువుటద్దాలతో, దీపాల గుత్తులతో దర్బారు హాలు. వెనుక రెండుగా చీలి తిరిగే మెట్లు. కలకత్తాలో వెల్లెస్లీ 1803కు ముగించిన గవర్నమెంటు హౌసు ఒక్కటే దీనికి సాటి అని ఆ కాలపు ఇంగ్లీషువాళ్లే అనుకున్నారు. ఇది నివాసం కోసం కట్టిన ఇల్లు అనుకుంటే పొరపాటు. ఏనుగు మీద నుంచి దిగి ఆ మెట్లు ఎక్కే అమీరుకు పైకి పోతున్నకొద్దీ తాను చిన్నవాడైనట్టు అనిపించాలి. అదే ఆ మెట్లకు పని. వాస్తుశిల్పం రాజనీతిలో ఒక భాగమని చెప్పడానికి తెలుగునాట ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ లేదు.

దీనికి డబ్బు నిజాం ఖజానా ఇచ్చింది. ఇక్కడ తాజ్‌మహలు గురించి శ్రీశ్రీ వేసిన ప్రశ్నను అభ్యుదయ పాఠకులకు గుర్తు చేయనక్కరలేదు. కాని ఈ భవనం విషయంలో ఆ ప్రశ్నను ఇంకొక మెట్టు ముందుకు జరపాలని నా అభిప్రాయం. రాళ్లెత్తిన కూలీలతో లెక్క తీరదు. భవనం ఖర్చు నిజాం ఏలుబడిలో మిగిలిన తెలంగాణా, మరాఠ్వాడా, కన్నడ రైతుల శిస్తు. ఆ భవనంలో కూర్చున్నవాడి మాటను చెల్లించే సైన్యం ఖర్చు దత్తమండలాల రైతుల శిస్తు. అంటే విడిపోయిన రెండు భూభాగాల రైతులూ ఈ ఆరు స్తంభాల కిందే మళ్లీ కలుసుకున్నారు. ఒకరు సున్నానికి, ఒకరు తుపాకీకి డబ్బు కట్టారు.

ఆ స్తంభాలు లేస్తున్న సంవత్సరాలలో మా వైపు ఏం జరుగుతోంది? థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరు. అనంతపురం కేంద్రంగా, కింద నలుగురు సహాయ కలెక్టర్లతో పని చేశాడు. వచ్చేసరికి 80 మంది పాలెగాళ్లు వున్నారు. వాళ్లను అణచివేశాడు, కొందరిని వెళ్లగొట్టాడు, కొందరికి పింఛన్లు ఇచ్చి కూర్చోబెట్టాడు. భూములు కొలిపించాడు, రైతువారీ పద్ధతి పెట్టాడు. పాలెగాళ్ల జులుం నుంచి రైతును తప్పించినవాడిగా మన్రోకు మంచి పేరుంది. మంత్రాలయం కథల్లోకి కూడా ఎక్కాడు. ఆ పేరును పూర్తిగా కొట్టిపారేయను. కాని ఒక విషయం మన్రో రాసిన కాగితాల్లోనే వుంది. 1807లో ఉద్యోగం వదిలి పోతూ, తాను విధించిన శిస్తు నాలుగో వంతు తగ్గించాలనీ, బావుల కింద, చెరువుల కింద భూములకు అంతకన్న ఎక్కువ తగ్గించాలనీ సిఫారసు చేశాడు. పైవాళ్లు వినలేదు. రైతువారీని కూడా పక్కన పెట్టి గ్రామాలను గుత్తకిచ్చారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చేదాకా ఆ తగ్గింపు రాలేదు. మంచి కలెక్టరు వేసిన శిస్తే భరించరానిదని ఆ కలెక్టరే ఒప్పుకుంటే, అది కట్టిన రైతు సంగతి వేరే చెప్పాలా? నల్లమల నీడలో, గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు కింద నాలుగు మళ్లు తప్పిస్తే మిగిలినదంతా వాన కోసం ఆకాశం వంక చూసే నేల.

పింఛన్లు ఇచ్చి కూర్చోబెట్టిన కుటుంబాల నుంచే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచాడు. 1846లో కోయిలకుంట్లలో మొదలైన ఆ తిరుగుబాటు గిద్దలూరు, కంభం, నల్లమల దాకా పాకింది. 1847 ఫిబ్రవరి 22న అతన్ని కోయిలకుంట్లలో ఉరి తీశారు. పాలెగాడి హక్కుల కోసం మొదలైన పోరాటంలో వేలాదిమంది రైతులు, బోయలు, చెంచులు ఎందుకు కలిశారన్నదానికి జవాబు ఆ ముందరి నలభై ఏళ్ల శిస్తు లెక్కల్లో వెతకాలి. సినిమాలో దొరకదు.

ప్రేమకథను ఇప్పుడు చూద్దాం. దాన్ని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. ఖైరున్నీసా పెద్ద కుటుంబపు పిల్ల, మీర్ ఆలం బంధువు. వారి కొడుకు సాహిబ్ ఆలం పుట్టినది 1801 మార్చి 4న. అంటే దత్తమండలాల బేరం నడుస్తున్న నెలలూ, ఈ ప్రణయం నడుస్తున్న నెలలూ ఒకటే. ఈ సంబంధం మీద గవర్నరు జనరలు వెల్లెస్లీకి అనుమానం కలిగింది, మద్రాసులో విచారణ జరిపించారు. కంపెనీ ఆందోళన నీతి గురించి కాదు. తమ మనిషి అవతలివాళ్ల మనిషి అయిపోయాడేమోనన్న భయం. కాని కిర్క్‌పాట్రిక్ తెచ్చిన ఒప్పందం మాత్రం అందరికీ పనికి వచ్చింది. మనసు ఎటు మొగ్గినా సంతకం కంపెనీవైపే పడింది. రెండు నాగరికతల కలయిక అని ఈ కథను కీర్తించేవారు ఇక్కడ కాస్త ఆగాలి.

కలయిక ఎంత మాత్రమో ఖైరున్నీసా జీవితమే చెబుతుంది. 1805లో అయిదేళ్లయినా నిండని కొడుకును, అతనికన్న చిన్నదైన కూతురు నూరున్నీసాను ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపించారు. అదే సంవత్సరం అక్టోబరు 15న కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. భవనం పూర్తికావడం అతడు చూడలేదు. ఖైరున్నీసా పిల్లలను మళ్లీ చూడకుండానే 1813లో, ఇరవై ఏడేళ్లకే పోయింది. కూతురు కిట్టీగా మారి, కార్లైల్ నవలలో నాయికకు మూలమని పేరు తెచ్చుకుని, చిన్ననాడు తమ ఇద్దరినీ చిత్రకారుడు చినరీ గీసిన బొమ్మను ఎన్నో ఏళ్లకు ఒక ఇంట్లో అనుకోకుండా చూసి ఏడ్చింది. బేగం కోసం కట్టిన రంగ్ మహల్‌ను 1860లో అప్పటి రెసిడెంటు పడగొట్టించాడు. తమవాడు ఒకడు ముసల్మాను స్త్రీని పెళ్లాడిన గుర్తు విక్టోరియా కాలపు దొరలకు కంటిలో నలుసు అయింది. కలయిక కథను ముందుగా కూల్చింది వాళ్లే. ఇప్పుడు మిగిలింది వెనుక తోటలో భవనానికి చేసిన ఒక చిన్న నమూనా. ఘోషాలో వుండి ముందువైపుకు రాలేని బేగం చూడడానికి కట్టించారని చెబుతారు. నేను ఆ నమూనా ముందు నిలబడినప్పుడు, నా పక్కనున్న కాలేజీ పిల్లలు దాన్ని బొమ్మరిల్లు అనుకుని ఫొటోలు తీసుకుంటున్నారు. దొర ఇంటి ముఖం చూడడానికి కూడా స్త్రీకి బొమ్మ కావలసి వచ్చిందన్న సంగతి ఆ పిల్లలకు చెప్పాలనిపించింది. చెప్పాను, విన్నారు.

రెసిడెన్సీ మీద ఎదురుదాడి 1857 జులై 17న జరిగింది. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో సుమారు 500 మంది, ఎక్కువగా రోహిల్లాలు, గోడల మీదికి వచ్చారు. పక్కనున్న ఇళ్లలో మాటువేసి రాత్రంతా కాల్పులు జరిపారు. కంపెనీ ఫిరంగుల ముందు నిలబడలేకపోయారు. నిజాం దర్బారు, దివాను సాలార్ జంగ్ కంపెనీ పక్షాన నిలిచారు. తుర్రేబాజ్ ఖాన్‌కు ద్వీపాంతరవాస శిక్ష వేస్తే 1859 జనవరిలో తప్పించుకున్నాడు. కొద్దిరోజులకే తూప్రాను దగ్గర కాల్చి చంపి, శవాన్ని హైదరాబాదులో వేలాడదీశారు. మౌల్వీని అండమాను పంపారు. ప్రేమకథకు దొరికిన పాఠకులలో వందోవంతు మంది ఈ కథకు దొరకలేదు.

మధ్యలో రస్సెల్, మెట్‌కాఫ్ వంటి రెసిడెంట్లు, పామర్ కంపెనీ అప్పుల భాగోతం, 1853లో బాకీల కింద బీరారు పోవడం - ఇవన్నీ పాత కిటుకుకే కొత్త అధ్యాయాలు. చెప్పవలసిన చిత్రం ఇంకొకటి వుంది. రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బజారు నిజాం అధికారానికి బయట, రెసిడెంటు అధికారం కింద వుండేది. 1933లో దాన్ని నిజాముకు తిరిగి ఇచ్చాక సుల్తాన్ బజారు అయింది. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఈనాడు వున్నది ఆ బజారులోనే. దొరల నీడన తెలుగు గ్రంథాలయమా అని ఎవరైనా నొసలు చిట్లిస్తే, ఉర్దూ ఒక్కటే రాజభాషగా వున్న రాజ్యంలో తెలుగు చదువుకోవాలనుకున్నవాళ్లు దొరికిన సందులోనే కూర్చున్నారని జవాబు.

1947లో చివరి రెసిడెంటు వెళ్లిపోయాడు. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ భవనంలోకి వచ్చింది. అంతకు ముందు సంవత్సరమే నిజాం రాజ్యం పోయింది. దర్బారు హాలు కింద బెంచీలు పడ్డాయి. దేవిడీల తలుపులు దాటని ఇళ్ల నుంచి, తెలంగాణా పల్లెల నుంచి ఆడపిల్లలు వచ్చి ఆ సింహాల మధ్య మెట్లెక్కి తరగతులకు పోయారు. నా దృష్టిలో ఆ భవన చరిత్రలో పెద్ద ఘటన ఇదే. చుట్టూ వున్న గోడలు నాని, పైకప్పులు పెచ్చులూడి, పాఠాలు చెప్పే గదులు ప్రమాదకరం అనిపించుకునేదాకా ప్రభుత్వాలు చూస్తూ కూర్చున్నాయి. 2002లో ప్రపంచ స్మారక నిధి దీన్ని ప్రమాదంలో వున్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ తర్వాత ఏళ్లపాటు మరమ్మతు నడిచి 2023లో భవనం తిరిగి చూడదగినదయింది. కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

పాలకుర్తి ఐలమ్మ కౌలుకు దున్నుకున్న నాలుగెకరాలను, దానిమీద పండిన పంటను విసునూరు దేశముఖు లాక్కోబోతే సంఘం అండతో నిలబడి పంటను ఇంటికి చేర్చుకున్న మనిషి. జిల్లాలు రాయించుకున్నవాడు కట్టించిన ఇంటికి ఆమె పేరు వచ్చింది. పేర్లు పెట్టడం ప్రభుత్వాలకు సులువైన పని అని నాకూ తెలుసు. అయినా ఈ పేరు ఆ గుమ్మం మీద వుండడం నాకు ఇష్టంగా వుంది.

ఇప్పుడు నేను అడిగేది చిన్న కోరిక. బాగుచేసిన ఆ దర్బారు హాలులో అద్దాలూ దీపాల గుత్తులతోపాటు 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందానికి ఒక తెలుగు అనువాదం కూడా గోడమీద వుండాలి. ఏయే ప్రాంతాలు ఎంతెంత శిస్తు లెక్కకు పోయాయో జాబితాతో సహా వుండాలి. మార్కాపురం నుంచో గిద్దలూరు నుంచో చదువుకోవడానికి వచ్చిన ఆడపిల్ల ఆ జాబితాలో వేలు పెట్టి కంభం ఎక్కడుందో వెతుక్కోగలగాలి. ఆ తర్వాత వెనుక తోటలోకి పోయి బేగం బొమ్మరిల్లు చూసినా నాకు పేచీ లేదు.